డీజే అంటే మన జముకుల కథ చెప్పేవాడే

మా రావివలసలో డీజే అంటే పెద్ద బాక్సులు, పాటలు మార్చే కుర్రాడు. జమైకాలో లెక్క వేరు. రికార్డు మార్చేవాణ్ణి అక్కడ సెలెక్టర్ అంటారు. మైకు పట్టుకుని తాళం మీద మాటలు దంచేవాడే డీజే. 1942లో పుట్టిన యూ-రాయ్ ఇందులో పెద్ద పేరు. కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజినీరు పాటలో గొంతు తగ్గించేసి బేస్, డ్రమ్స్ ఉంచేవాడు. అంటే వోకల్ ట్రాక్ మ్యూట్ అన్నమాట! ఆ ఖాళీలో యూ-రాయ్ కబుర్లు, కేకలు, ప్రాసలు. 1970లో ఆయన రికార్డులు మూడు జమైకా చార్టుల్లో పైన నిలిచాయి. 2021లో పోయాడు.

ఇది చదువుతుంటే నాకు జముకుల కథే గుర్తొచ్చింది. జముకు మోగుతుంటే కథకుడు పాట, మాట కలిపి సాగిస్తాడు, పక్కవాళ్లు వంత పాడతారు. మన ఉద్దానంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఈ కథతోనే రైతుల కష్టాలు ఊరూరా చెప్పారు. శ్రీకాకుళ రైతాంగ పోరాటంలోకి వెళ్లి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయారు. యూ-రాయ్‌కి స్టూడియో దొరికింది కాబట్టి ఆ గొంతు ఇవాళ మన ఇయర్‌ఫోన్లలో ఉంది. జముకుల కథ చాలావరకు విన్నవాళ్ల చెవుల్లోనే ఉండిపోయింది.

మీ ఊళ్లో జముకు వాయించే తాత ఎవరైనా ఉంటే అడిగి, ఫోన్లో రికార్డ్ చేసి క్లబ్‌కి పంపండి. వంతలు మాత్రం కట్ చెయ్యకండి.