కబడ్డీ ఆటగాండ్రకు వడి పరుగుల సాధన

వరంగల్ జిల్లా గ్రామములలో వేకువజామున తారురోడ్డు అంచున పరుగెత్తు యువకులు తరచుగా కనబడుదురు. వారిలో కొందరు పోలీసు ఉద్యోగ పరీక్షకును, కొందరు పండుగ నాటి కబడ్డీ పోటీలకును సిద్ధపడుచున్నవారు. వారి పట్టుదల మెచ్చదగినదే. అయితే ఉదయము నాలుగైదు కిలోమీటర్లు ఒకే తీరున పరుగెత్తిన యువకుడు సాయంకాలము కబడ్డీ బరిలో నాలుగవ కూతకే రొప్పుచు నిలిచిపోవుట కూడ మనము చూచుచునే యున్నాము. "దినదినము పరుగెత్తుచున్నాడు గదా, వీనికి దమ్ము చాలదేమి?" అని పెద్దలు ఆశ్చర్యపడుదురు. రోడ్డు మీద సంపాదించిన దమ్ము వేరు, బరిలో కావలసిన దమ్ము వేరు. ఈ భేదమును వివరించుటయు, ఈ విషయమున గ్రామ పంచాయతీ చేయగల సాయమును తెలుపుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కబడ్డీ 20 నిమిషముల చొప్పున రెండు భాగములుగా జరుగు ఆట. కూతకు వెళ్ళినవానికి 30 సెకన్లు మాత్రమే గడువు. పురుషుల బరి పొడవు 13 మీటర్లు. అనగా ఒక్కొక్క జట్టు స్థలము ఆరున్నర మీటర్లే. ఆ కొద్ది చోట ఆటగాడు మెరుపువలె నాలుగడుగులు వేయును, చటుక్కున ఆగును, మళ్ళును, పట్టుబడినచో బలమంతయు వినియోగించి పెనుగులాడును. పిదప కొంతసేపు నిలిచి ఊపిరి పీల్చుకొనును. అతని శ్రమ అంతయు ఈ విధముగా తునకలు తునకలుగా సాగును. చేతులతో బంతిని పట్టుకొని పరుగెత్తు రగ్బీ ఆటయు ఇట్టిదే. అందులో జట్టునకు ఏడుగురు చొప్పున ఆడు పద్ధతి 2016 నుండి ఒలింపిక్ క్రీడలలో చేరినది. 2025లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరుతో కూడ ఒక జట్టు ఆడినది. ఆ ఆటగాండ్రకు శిక్షకులు చేయించు ముఖ్యమైన సాధన వడిగా కొంత దూరము పరుగెత్తించి, విరామమిచ్చి, మరల పరుగెత్తించుట. మన చెడుగుడు ఆటగానికిని అదే తగినది.

దీనికి కారణము దేహములోనే కలదు. కండరములకు శక్తి మూడు మార్గముల లభించును. మొదటిది కండరములోనే నిలువయున్న ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము. ఇది తక్షణము అందును గాని, సుమారు 10 సెకన్ల తీవ్రమైన శ్రమతో చాల వరకు తరిగిపోవును. రెండవది ప్రాణవాయువు అవసరము లేకుండ చక్కెరను విడగొట్టుట. ఇది ఒకటి రెండు నిమిషముల తీవ్ర శ్రమకు ఆధారము. మూడవది ప్రాణవాయువు సాయముతో చక్కెరను, కొవ్వును మెల్లగా దహించుట. ఇది గంటల కొలది నడచును. పొయ్యిలో ఎండుకంప భగ్గున మండి ఆరిపోవును. తుమ్మమొద్దు రాత్రి యంతయు రగులుచుండును. కూతకు కావలసినది కంప మంట. ఉదయపు నిదాన పరుగు పెంచునది మొద్దు నిప్పును. అట్లని నిదాన పరుగు వ్యర్థమని మేము చెప్పుట లేదు. మంట ఆరిన పిదప కొత్త కంపను అంటించునది ఆ నిప్పే. విరామ సమయమున మొదటి నిలువను తిరిగి నింపునది ప్రాణవాయువే. ఆ నిలువ నిండుటకు మూడు నుండి అయిదు నిమిషములు పట్టును. కావున ఎంతసేపు పరుగెత్తవలెనో, ఎంతసేపు ఆగవలెనో నిర్ణయించుకొనుటయే ఈ సాధనలోని కిటుకు. మన యువకులు సాధారణముగా విస్మరించునది ఈ విరామమునే.

ఈ పద్ధతి నేటిది కాదు. చెకోస్లొవేకియా దేశస్థుడు ఎమిల్ జాటొపెక్ 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ పరుగులు మూడింటను స్వర్ణ పతకములు గెలుచుకొనెను. 400 మీటర్లు వడిగా పరుగెత్తుట, కొంత దూరము మెల్లగా సాగుట, మరల వడిగా పరుగెత్తుట, ఇట్లు పలుమార్లు చేయుటయే ఆయన సాధన. 1996లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా ప్రకటించిన పరిశోధన మరింత ప్రసిద్ధి చెందినది. 20 సెకన్ల తీవ్ర శ్రమ, 10 సెకన్ల విరామము, ఇట్లు ఎనిమిది మార్లు వరకు, ఆరు వారములు చేయగా రెండు విధములైన దమ్మును పెరిగెనని అందు తేలినది. వెరసి నాలుగు నిమిషములే గదా యని భ్రమపడరాదు. అది సాధకులైన క్రీడాకారులు సైకిలు యంత్రముపై చేసిన ప్రయోగము, కొత్తవారికి తగదు.

మన జిల్లాలోని పర్వతగిరి మండలము కల్లెడ గ్రామమును ఇచ్చట చెప్పుకొనవలెను. ఆ ఊరి ఆడపడుచు వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో విలువిద్యా పోటీలో పాల్గొనెను. అదే ఊరిలో కూలి పనులు చేసుకొను దంపతులకు జన్మించిన జీవాంజి దీప్తి బుద్ధివికాసమున లోపము గలవారి టి20 విభాగమున 400 మీటర్ల పరుగు పందెమున పాల్గొనుచున్నది. బాల్యమున ఆమెను గూర్చి ఊరిలో కొందరు అనిన మాటలు ఆ తల్లిదండ్రులను ఎంతయో బాధించినవి. అయితే బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె వడిని గుర్తించెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో ఆమె 55.07 సెకన్లలో పరుగు ముగించి, నాటి ప్రపంచ రికార్డుతో స్వర్ణ పతకము పొందెను. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకన్లతో కాంస్య పతకము గెలుచుకొనెను. కోబేలో ప్రతి 100 మీటర్లకు సగటున పదునాలుగు సెకన్ల కంటె తక్కువ పట్టినదన్న మాట. అట్లు నాలుగు మార్లు ఆగకుండ. 400 మీటర్ల పరుగునకు సాధన చాల వరకు ఈ విరామ పద్ధతి మీదనే ఆధారపడియుండును. ఒక చిన్న గ్రామమున ఒక బాలిక వడిని చూచి గుర్తించు కన్ను ఉన్నందువలననే ఇది సాధ్యమైనది. ఆ కన్ను చూచుటకు పిల్లలు పరుగెత్తు చోటు ఒకటి ఉండవలెను గదా!

ఇచ్చటనే పంచాయతీ పని మొదలగును. చీకటిలో లారీలు, ఇసుక ట్రాక్టర్లు తిరుగు రోడ్డు పరుగునకు చోటు కాదు. ప్రాణాపాయము అటుండగా, గట్టి తారు మీద వడిగా పరుగెత్తినచో ముంజంగ ఎముకలకు నొప్పి పుట్టును. వడి పరుగునకు పెద్ద స్టేడియము అక్కరలేదు. 40 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గల చదునైన నేల, అనగా అయిదు గుంటల లోపు స్థలము, కబడ్డీ ఆటగాండ్ర సాధనకు చాలును. 25 గుంటలు లభించినచో ప్రక్కకు 50 మీటర్ల చొప్పున చతురస్రముగా గీచి 200 మీటర్ల చుట్టు ఏర్పరచవచ్చును. 2022 నుండి మన గ్రామములలో ఏర్పడిన తెలంగాణ క్రీడా ప్రాంగణములు ఇందుకు అనువైనవి. బోర్డు మాత్రము నిలిచి, లోపల గడ్డియు పల్లేరుకాయలును పెరిగిన ప్రాంగణము ఎవరికిని ఉపయోగపడదు. దానిని చదును చేయించి, రాళ్ళేరించి, చెత్త వేయకుండ కాపాడవలెను. రెండు దీపములు పెట్టించి, కొంత వేళను ఆడపిల్లలకు ప్రత్యేకించినచో వారును వత్తురు. రోడ్డు మీదికి వారిని పంపుటకు తల్లిదండ్రులు జంకుట సహజము.

సాధన వారమునకు రెండు దినములు చాలును. నడుమ కనీసము రెండు దినముల ఎడము ఉండవలెను. మొదట పది పదునైదు నిమిషములు మెల్లగా పరుగెత్తి ఒడలు వేడెక్కించుకొనవలెను. పిదప 20 మీటర్లు శక్తి కొలది పరుగెత్తి, నిమిషమున్నర నడువవలెను. ఇట్లు ఆరు మార్లు. నెల గడచిన పిదప పది మార్లు. ఆ మీదట 5 మీటర్ల ఎడముతో గీచిన రెండు సున్నపు గీతల నడుమ పోయి మళ్ళి వచ్చు పరుగు చేర్చవలెను. కబడ్డీకి అన్నిటికంటె ముఖ్యమైనది ఈ మళ్ళుటయే. తరువాతనే 30 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, నాలుగు మార్లతో మొదలిడి ఎనిమిది వరకు. వడి స్పష్టముగా తగ్గినచో నాటికి సాధన ఆపవలెను. అలసిన కాళ్ళతో ఈడ్చు పరుగు వడిని నేర్పదు.

పోలీసు పరీక్షకు పోవువారికిని ఈ లెక్క ఉపయోగించును. 2022 నాటి కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారము సాధారణ పురుష అభ్యర్థులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకన్లలో పరుగెత్తవలసియుండెను. అనగా ప్రతి 200 మీటర్లకు 54 సెకన్లు. కావున 200 మీటర్లు 50 సెకన్లలో పరుగెత్తి, నిమిషమున్నర నడచి, ఎనిమిది మార్లు చేయగలుగుట మంచి సాధన. పరీక్ష ఇంక పదిదినములున్నదనగా ఆరంభించిన సాధన మేలు కంటె కీడే చేయును. రెండు మూడు నెలలైనను ముందుగా మొదలిడవలెను.

మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల ఎండ తీవ్రము. ఆ దినములలో సూర్యోదయమునకు ముందే ముగించవలెను. కుండెడు మంచినీరు మైదానమున ఉండవలెను. పరుగులో ఛాతీ నొప్పి, కన్నులు బైర్లుగ్రమ్ముట, మూర్ఛ కలిగినవారిని, కుటుంబమున చిన్న వయస్సులో హఠాత్తుగా గుండె ఆగి మరణించినవారు ఉన్నవారిని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపిన పిదపనే అనుమతింపవలెను. జ్వరము తగ్గిన మరునాడే వడి పరుగు తగదు.

ఖర్చు ఏమంత లేదు: కొలత టేపు, సున్నము, ఒక ఈల. గడియారము ప్రతి సెల్‌ఫోనులోను కలదు. హైస్కూలు వ్యాయామోపాధ్యాయుని వారమునకు రెండు దినములు రమ్మని పంచాయతీ పక్షమున కోరవచ్చును. మొదటి దినమున ఒక్కొక్కరు ఆరు పరుగులకు తీసికొనిన సెకన్లను పేరు పేరున ఒక పుస్తకమున వ్రాసి, దానిని పంచాయతీ కార్యాలయములోనే ఉంచవలెను. ఆరు వారముల పిదప అదే నేల మీద, అదే వేళకు మరల కొలిచి, ఆ ప్రక్క గడిలో వ్రాయవలెను.