తరిమేవాని గుండెలో వేడి



పారిపోతున్న కారును పోలీసు జీపులు తరుముతాయి. కిటికీలోనుండి ఒక చేయి బయటికి వచ్చి తుపాకి పేలుస్తుంది. టైరు పగిలి కారు పల్టీలు కొడుతుంది. సినిమాలో ఈ దృశ్యము రాగానే మన పిల్లలు చప్పట్లు కొడతారు. అయితే నిజ జీవితములో అలా తుపాకి పేలినప్పుడు ఏమి జరుగుతుంది? దేవుని వాక్యము ఈ విషయములో మనకేమి నేర్పుతుంది? ఈ నెల మనము దీనిని ఆలోచిద్దాము.

అమెరికా దేశములోని ఒహాయో రాష్ట్రములో క్లీవ్‌లాండ్ అనే నగరమున్నది. 2012 నవంబరు 29వ తేదీ రాత్రి అక్కడ ఒక పాత కారును పోలీసు అధికారి ఆపబోయాడు. కారణము చిన్నదే, మలుపులో సిగ్నలు వేయలేదని. కారు ఆగలేదు. అది పోలీసు కార్యాలయము ముందుగా దూసుకుపోతుండగా దాని పొగగొట్టములోనుండి ఢామ్మని చప్పుడు వచ్చింది. అక్కడున్న పోలీసులు దానిని తుపాకి మ్రోత అనుకొన్నారు. ఆ మాట వైర్‌లెస్‌లో ఒకరినుండి ఒకరికి ప్రాకింది. 60కి పైగా పోలీసు కార్లు వెంటపడ్డాయి. ఇరవై నిమిషములకు పైగా తరిమి, చివరికి ఒక పాఠశాల ఆవరణలో కారును చుట్టుముట్టారు. 13 మంది పోలీసులు 137 తూటాలు పేల్చారు. చుట్టూ నిలిచి కాల్చినందున వారి తూటాలు వారి తోటివారివైపే దూసుకుపోయాయి. కారులోనున్న పురుషుడు, స్త్రీ ఇద్దరూ చనిపోయారు. కారంతా వెదికినా తుపాకి దొరకలేదు.

ఆ డ్రైవరు తప్పు చేయలేదని మేము చెప్పడము లేదు. పోలీసు ఆపమన్నప్పుడు ఆగకపోవడము తప్పే. అయితే ఆ తప్పుకు చట్టములో మరణశిక్ష లేదు. ఏ న్యాయాధిపతీ విధించని శిక్ష వారిమీద రోడ్డుమీదనే అమలు జరిగింది. కారు ముందుభాగము మీదికెక్కి కాల్చిన ఒక అధికారిమీద కేసు నడిచింది గాని, 2015లో కోర్టు అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఇక్కడ మనము గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. తూటా కారును ఆపదు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోయే కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు దాటిపోతుంది. కదిలే బండిలోనుండి కదిలే బండిని గురిచూసి కొట్టడము ఎంత నేర్పరికైనా కష్టమే. గురి తప్పితే ఆ తూటా దారినపోయేవానికి తగలవచ్చు. డ్రైవరుకే తగిలితే, స్టీరింగు పట్టేవాడు లేని ఆ కారు ఎవరి ఇంటిమీదికి, ఏ బస్టాపులోకి పోతుందో ఎవరు చెప్పగలరు? కారులో ఇంకెవరున్నారో కూడా తరిమేవానికి తెలియదు. 2004లో అమెరికాలోనే, ముందు లైటు పగిలి ఉన్నందున ఒక కారును ఆపబోగా అది పారిపోయింది. పోలీసులు 15 తూటాలు కాల్చారు. కారు ఒక భవనమునకు గుద్దుకొన్నది. డ్రైవరుతోపాటు ప్రక్కన కూర్చున్న స్త్రీ కూడా మరణించింది. ఆ కారును ఆమె నడపలేదు. 2014లో ఆ దేశపు సుప్రీంకోర్టు పోలీసుల పక్షముగానే తీర్పు చెప్పింది.

ఈ ప్రమాదమును ముందే గ్రహించినవారు లేకపోలేదు. 1972లోనే న్యూయార్క్ నగర పోలీసు శాఖ ఒక నియమము పెట్టింది. కారులోనివారు ఆ కారుతో కాక వేరే మారణాయుధముతో ప్రాణాపాయము కలిగిస్తేనే తప్ప, కదిలే కారుమీద కాల్చకూడదని దాని సారాంశము. అయితే ఏ నియమమైనా లోకములోని ప్రతి దుర్మార్గమునూ ముందే ఊహించలేదు. 2016 జూలై 14న ఫ్రాన్సులోని నీస్ నగరములో ఒక దుర్మార్గుడు జనసమూహముమీదికి లారీ తోలి 86 మందిని చంపాడు. పోలీసులు అతనిని కాల్చి ఆ మారణహోమమును ఆపారు. అలాటి ఘడియలో తుపాకి ఎత్తినవానిని మనము నిందించలేము. కాని పారిపోయే ప్రతివాడూ అటువంటివాడు కాడు.

మన దేశపు చట్టము కూడా ఒక హద్దు గీసింది. మరణశిక్షకో యావజ్జీవ శిక్షకో తగిన నేరము మోపబడని మనిషిని, అరెస్టు చేసే సందర్భములో చంపే హక్కు పోలీసుకు లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న ఈ మాట, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టములోనూ ఉన్నది. అయినను 1997 మార్చి 31న ఢిల్లీ కన్నాట్ ప్లేస్ దగ్గర పోలీసులు ఒక కారును వెంబడించి, లోపల ఉన్నది తాము వెదికే నేరస్థుడే అనుకొని కాల్చారు. చనిపోయినవారు ఇద్దరు వ్యాపారులు. పది మంది పోలీసులకు 2007లో యావజ్జీవ శిక్ష పడింది. 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. రెండు కుటుంబములు తమవారిని పోగొట్టుకొన్నాయి. పది కుటుంబములు తమవారిని జైలుకు పంపుకొన్నాయి. ఒక్క నిమిషపు తొందరపాటుకు ఎంత వెల!

ప్రియులారా, రథములు తరిమి కాల్చిన కథ బైబిలులోనూ ఉన్నది. 2 రాజులు 9వ అధ్యాయము చదవండి. వెఱ్ఱి వేగముతో రథము తోలడములో పేరుపొందినవాడు యెహూ. పారిపోతున్న యెహోరామును బాణముతో కొట్టాడు. అహజ్యాను తరిమి రథములోనే కొట్టించాడు. యెహూ అభిషేకము పొందినవాడే, అతనికి అధికారమున్నది. అయినను హోషేయ గ్రంథము మొదటి అధ్యాయములో, యెజ్రెయేలులో చిందిన రక్తమును గూర్చి యెహూ ఇంటివారిని దేవుడు లెక్క అడుగుతున్నాడు. రోమా 13వ అధ్యాయము ప్రకారము అధికారి దేవుని పరిచారకుడు. పరిచారకుడు గనుకనే యజమానికి లెక్క అప్పగించవలసినవాడు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఆశ్రయపురములను గూర్చి చదువుతాము. పొరపాటున మనిషిని చంపినవాడు పారిపోతాడు, బంధువు తరుముతాడు. అప్పుడు దేవుడు పారిపోయేవాని కాళ్ల సత్తువను మాత్రమే కాదు, తరిమేవాని గుండెలోని వేడిని కూడా చూశాడు. ఆ వేడిలో మనిషి న్యాయము విచారించలేడని ఎరిగి, ముందుగానే పురములను ఏర్పరచి, వాటికి దారి వేయుమన్నాడు. నియమము ముందుండాలి, పరుగు తరువాత. వేడి పుట్టిన తరువాత నియమము వెదికితే దొరకదు. ఈనాడు కారు నంబరు వ్రాసికొని, ముందున్న స్టేషనుకు వైర్‌లెస్‌లో చెప్పి, మరునాడు ఇంటివద్ద పట్టుకొనడము ఓటమి కాదు. అదియే ఈ కాలపు ఆశ్రయపురము.

తలిదండ్రులారా, మీ కుమారులతో ఈ సాయంకాలమే మాటలాడండి. లైసెన్సు లేకపోయినా, హెల్మెట్టు లేకపోయినా, పోలీసు చెయ్యెత్తితే బండి ఆపమనండి. జరిమానా కట్టుకొనవచ్చును, ప్రాణమును తిరిగి కొనలేము. అమెరికాలోనున్న మీ పిల్లలకు ఫోనులో చెప్పండి. వెనుక పోలీసు దీపములు వెలిగితే కారు ప్రక్కకు ఆపి, రెండు చేతులూ స్టీరింగుమీద కనబడేలా ఉంచి, దిగకుండా కూర్చోమనండి.

మన సంఘములలో పోలీసు ఉద్యోగులున్నారు, వారి భార్యలున్నారు, రాత్రి డ్యూటీనుండి నాన్న ఎప్పుడు వస్తాడా అని చూసే పిల్లలున్నారు. కుటుంబ ప్రార్థనలో వారి పేర్లు ఎత్తి ప్రార్థించండి. తుపాకి పట్టిన చేతికి నిదానమును, తరిమే గుండెకు చల్లదనమును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.