వినికిడిని కొలిచే విద్య

గుడివాడ రైసుమిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి "అందరూ గొణుగుతున్నారు" అని ఇంట్లో విసుక్కుంటాడు. దివిసీమ పల్లెలో రెండేళ్లు నిండినా మాటలు రాని బిడ్డను చూచి, "వాళ్ల నాన్నకూ ఆలస్యమేలే" అని పెద్దలు ఊరుకుంటారు. ఇద్దరి లోపమూ చెవిలోనే ఉండవచ్చును. కాని అది కంటికి కనిపించదు. దానిని కొలిచి, తగిన సాయము చేసే నిపుణునికి ఆడియాలజిస్టు అని పేరు.

కొలత ఎట్లా జరుగుతుంది? నిశ్శబ్దమైన గదిలో చెవులకు హెడ్‌ఫోనులు అమర్చి, 250 నుండి 8000 హెర్ట్జ్‌ల వరకు వేర్వేరు పౌనఃపున్యముల ధ్వనులు వినిపిస్తారు. ప్రతిదానిలోను వినగలిగిన అతి సన్నని ధ్వని ఎన్ని డెసిబెల్లో గ్రాఫుపై గుర్తిస్తారు. మిల్లు రొదకు లోపలిచెవిలోని రోమకణములు నశిస్తే తిరిగి పుట్టవు. ఈ నష్టము సాధారణముగా మొదట 4000 హెర్ట్జ్‌ల ప్రాంతములో బయటపడుతుంది. అప్పుడు అచ్చులు వినబడతాయి గాని, స, శ వంటి హల్లులు జారిపోతాయి. ఇతరులు గొణిగినట్లు తోచడానికి కారణమిదే.

పసిబిడ్డ తనకు వినబడినదని చెప్పలేదు కదా! ఆరోగ్యమైన లోపలిచెవి, విన్న ధ్వనికి బదులుగా తానూ సన్నని ధ్వనిని పుట్టిస్తుందని 1978లో లండనులో డేవిడ్ కెంప్ తెలిపాడు. నేడు నిద్రించే శిశువు చెవిలో చిన్న మైక్రోఫోను ఉంచి, ఆ ధ్వనిని కొద్ది నిమిషములలో పట్టుకొంటారు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా చికిత్స జరగవలెను. ఆలస్యమైన కొద్దీ మాట నేర్చుకొనుట కష్టమవుతుంది. వినికిడి యంత్రము చాలకపోతే శస్త్రవైద్యుడు కాక్లియర్ ఇంప్లాంటు అమరుస్తాడు. దానిని బిడ్డకు తగినట్లు సరిచేసేది ఆడియాలజిస్టే.

బందరులో ఇంటరు సైన్సు చదివే విద్యార్థి ఈ వృత్తికి రావచ్చును. బి.ఎ.ఎస్.ఎల్.పి. చదువు నాలుగేళ్లు, అందులో చివరి ఏడు ఆచరణలో శిక్షణ. పట్టా పొందిన తరువాత, 1992 నాటి చట్టము ప్రకారము భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవలెను. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ ఈ విద్యకు పేరుపొందినది. ముంబైలో 1983లో వెలసిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో శాఖ ఉన్నది.

మాట ఎంతవరకు తెలుస్తున్నదో పరీక్షించుట రోగి మాతృభాషలోనే జరగవలెను. కనుక మన పల్లెలకు తెలుగు తెలిసిన నిపుణులే కావలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి: పిలిస్తే పలకని పిల్లవానిని మొద్దు అనకముందు వాని చెవులు పరీక్ష చేయించండి.