మీకు తెలుసా? బడిలోనే డాక్టరు, బడిలోనే కళ్లజోడు: మరి డబ్బు ఎవరిస్తారు?

అమెరికాలో కొన్ని ప్రభుత్వ బడులకు వెళితే పాఠాలు చెప్పే పంతుళ్లతో పాటు పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు, కౌన్సెలరు కూడా అక్కడే కనిపిస్తారు. సాయంత్రమైతే పిల్లలకు ఆటలు, ట్యూషన్లు. వలస వచ్చిన అమ్మానాన్నలకు ఇంగ్లిషు క్లాసులు. ఇల్లు గడవని వాళ్లకు సరుకుల సంచీ. వీటిని కమ్యూనిటీ స్కూళ్లు అంటారు. చూసినవాళ్లందరికీ నచ్చుతాయి. ఖర్చు దగ్గరికొచ్చేసరికే పేచీ. ఆ డబ్బు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు కొన్నిచోట్ల నిలిచిందో, కొన్నిచోట్ల ఎందుకు ఎండిపోయిందో చెప్పే సంగతులు ఇవి.

1. అరువుకొచ్చిన ఒక్క నర్సుతో మొదలైంది

1902లో న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లల్ని పరీక్షించేవారు. కళ్లకలక, గజ్జి, తలలో పేలు కనబడితే ఇంటికి పంపేసేవారు. అంతటితో వాళ్ల పని అయిపోయేది. ఇంటి దగ్గర మందు వేసే దిక్కులేక ఆ పిల్లలు వారాల తరబడి వీధుల్లోనే తిరిగేవారు. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే సేవాసంస్థను నడిపే లిలియన్ వాల్డ్ తన దగ్గరున్న లీనా రోజర్స్ అనే నర్సును ఒక నెలపాటు నగరానికి అప్పగించారు. ఆమె నాలుగు బడులు చూసుకుంది. చిన్న జబ్బులకు బడిలోనే మందు రాసి, మిగిలినవాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పింది. ఫలితం చూసిన నగర పాలకులు ప్రభుత్వ జీతం మీద మరికొందరు నర్సుల్ని పెట్టారు. ఏడాది తిరిగేసరికి జబ్బు పేరుతో ఇంటికి పంపేయడం 90 శాతం దాకా తగ్గింది.

2. తాళం తీయడానికి 6,000 డాలర్లు

1935 నాటికి మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణం ఆర్థిక మాంద్యంలో నలిగిపోతోంది. పిల్లలు రోడ్ల మీద, బడి జిమ్‌లకేమో సాయంత్రం తాళాలు. ఫ్రాంక్ మాన్లీ అనే వ్యాయామ విద్యాధికారి ఈ సంగతి చెబితే జనరల్ మోటార్స్ వాటాదారు చార్లెస్ స్టీవర్ట్ మాట్ 6,000 డాలర్లు ఇచ్చారు. బడి అయ్యాక కూడా ఐదు బడులు తెరిచి ఉంచారు. తర్వాత పెద్దల క్లాసులు, ఆరోగ్య సేవలు ఒక్కొక్కటిగా చేరాయి. ఆ నమూనా చూడటానికి దేశం నలుమూలల నుంచీ అధికారులు ఫ్లింట్‌కు వచ్చేవారు.

3. కేంద్రం ఒకసారి ఇచ్చింది, తర్వాత కలిపేసింది

ఫ్లింట్ పేరు వాషింగ్టన్ దాకా పాకింది. 1974లో అమెరికా కాంగ్రెస్ కమ్యూనిటీ స్కూళ్ల చట్టం చేసి కొద్దిపాటి నిధి కేటాయించింది. 1981లో రీగన్ ప్రభుత్వ కాలంలో ఇలాంటి చిన్న పద్దులు చాలావాటిని కలిపి రాష్ట్రాలకు ఒకే మొత్తంగా ఇచ్చేశారు. దేనికి ఖర్చు పెట్టాలో రాష్ట్రాల ఇష్టం. సొంత పద్దు పోయాక కమ్యూనిటీ స్కూళ్ల పేరు కేంద్ర బడ్జెట్‌లో చాలా ఏళ్లు వినిపించలేదు.

4. కోర్టు బడులన్నీ చెల్లవంది, రాష్ట్రం కుటుంబ కేంద్రాలు పెట్టింది

1989లో కెంటకీ సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ విద్యావ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. పేద విద్యా జిల్లాల (బడుల్ని నడిపే స్థానిక పాలక ప్రాంతాల) పిల్లలకు, ధనిక జిల్లాల పిల్లలకు అంత తేడా ఉంది. దాంతో 1990లో కొత్త విద్యాచట్టం వచ్చింది. ప్రభుత్వ భోజన సాయానికి అర్హులైన పిల్లలు 20 శాతం ఉన్న బడికి కుటుంబ సహాయ కేంద్రం రావచ్చని అందులో రాశారు. చిన్న తరగతుల బడుల్లో శిశు సంరక్షణ, తల్లిదండ్రుల శిక్షణ; పెద్ద తరగతుల బడుల్లో ఉద్యోగ సలహా, మానసిక సహాయం. ఎవరి దయా అక్కర్లేదు, లెక్క సరిపోతే చాలు. మూడు దశాబ్దాలు దాటినా ఆ కేంద్రాలు నడుస్తున్నాయి. ఇప్పుడవి 800 పైనే.

5. అనాథల సంస్థ బడిలో కాపురం పెట్టింది

చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ 1853లో న్యూయార్క్‌లో పుట్టింది. ఒకప్పుడు దిక్కులేని పిల్లల్ని రైళ్లెక్కించి పల్లె కుటుంబాలకు పంపిన సంస్థ అదే. 1992లో డొమినికన్ వలస కుటుంబాలు కిక్కిరిసిన వాషింగ్టన్ హైట్స్‌లో నగర విద్యాశాఖతో కలిసి ఒక మిడిల్ స్కూలు తెరిచింది. దానికి డొమినికన్ కవయిత్రి సలోమే ఉరేన్యా పేరు పెట్టారు. పాఠాలు విద్యాశాఖవి. క్లినిక్, సాయంత్రం క్లాసులు, కుటుంబ సహాయ గది సంస్థవి. ఈ పద్ధతిని మిగతా ఊళ్లకు నేర్పడానికి 1994లో ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రమే పెట్టాల్సి వచ్చింది.

6. గది ఉచితం, జీతం మీదే

ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిది ఇంకో దారి. బడిలో గది, కరెంటు జిల్లా ఇస్తుంది. సేవ అందించే ఆసుపత్రో, సంస్థో తన ఖర్చు తానే సంపాదించుకోవాలి. ఆ ఊళ్లోని ఆయిలర్ స్కూలు పేద కార్మికుల పేటలో ఉంది. ఎనిమిదో తరగతి అయ్యాక వేరే పేటలోని హైస్కూలుకు వెళ్లలేక పిల్లలు చదువు మానేస్తుంటే, పన్నెండో తరగతి దాకా అక్కడే పెట్టారు. 2012లో ఆ బడిలోనే కంటి కేంద్రం వచ్చింది. పరీక్ష చేసి, కళ్లజోడు ఇచ్చి, పిల్లవాణ్ణి మళ్లీ క్లాసుకు పంపుతారు. ఖర్చులో ఎక్కువ భాగం పిల్లల ఆరోగ్య బీమా నుంచే వస్తుంది.

7. ఉచితంగా ఇస్తే బిల్లు రాదన్న నిబంధన

పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్. వైకల్యమున్న పిల్లలకు బడిలో చేసే చికిత్సకు ఆ బీమా డబ్బు ఇవ్వవచ్చని 1988లో కాంగ్రెస్ తేల్చింది. కానీ ఒక మెలిక ఉండేది. బడి నర్సు పిల్లలందరికీ ఉచితంగా చేసే పనికి, బీమా ఉన్న పిల్లల తరఫున కూడా బిల్లు పెట్టకూడదు. 2014 డిసెంబరులో కేంద్రం ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడు బడులకు మెడికెయిడ్ నుంచి ఏటా 400 కోట్ల డాలర్లకు మించి వస్తోంది. అయితే బిల్లులు రాసే గుమాస్తాను పెట్టుకోలేని చిన్న జిల్లాలు ఈ డబ్బు చాలావరకు వదులుకుంటున్నాయి.

8. దరఖాస్తు లేని భోజనం

2010 నాటి ఆహార చట్టం ఇంకో సదుపాయం ఇచ్చింది. ఫుడ్ స్టాంపుల వంటి పథకాల్లో ఇప్పటికే పేరున్న పిల్లలు బడిలో 40 శాతం ఉంటే, ఆ బడి అందరికీ ఉచితంగా పొద్దుటి ఫలహారం, మధ్యాహ్న భోజనం పెట్టవచ్చు. కాగితాలు నింపే పని లేదు, పేదవాడని వేలెత్తి చూపడమూ లేదు. 2023లో ఆ హద్దును 25 శాతానికి దించారు.

9. సాయంత్రం క్లాసులకు సినిమా హీరో ప్రచారం

గవర్నర్ కాకముందే ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాలిఫోర్నియాలో ఒక ప్రజాభిప్రాయ సేకరణను భుజాన వేసుకున్నారు. 2002లో ఓటర్లు ఆమోదించిన ఆ 49వ ప్రతిపాదన బడి తర్వాతి కార్యక్రమాలకు ఏటా సుమారు 55 కోట్ల డాలర్లు పక్కన పెట్టమంది. ఓటర్లే రాసిన పద్దు కాబట్టి తర్వాత వచ్చిన ప్రభుత్వాలకు దాన్ని తీసేయడం సులువు కాలేదు.

10. జీతాల కోసమే కాదు, ఇలాంటి బడుల కోసమూ సమ్మె

2019 జనవరిలో లాస్ ఏంజెలిస్ టీచర్లు ఆరు బడి రోజులు సమ్మె చేశారు. ఒప్పందంలో జీతాలతో పాటు ప్రతి బడికీ నర్సు, 30 బడుల్ని కమ్యూనిటీ స్కూళ్లుగా మార్చడం కూడా చేరాయి.

11. ఒక్క రాష్ట్రం, 410 కోట్ల డాలర్లు

ఆ సమ్మె తర్వాత రెండేళ్లకు కాలిఫోర్నియా 300 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది ఇంకో 110 కోట్లు ఈ బడులకు కేటాయించింది. ఏ రాష్ట్రమూ ఇంత పెట్టలేదు. ఏర్పాట్ల కోసం 2 లక్షల డాలర్ల వరకు, నడపడానికి పెద్ద బడికి ఏడాదికి 5 లక్షల వరకు, ఐదేళ్లపాటు ఇవ్వాలని నిర్ణయించారు. పేద పిల్లలు, ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలు, పెంపుడు సంరక్షణలో ఉన్నవాళ్లు కలిపి 80 శాతం ఉన్న బడులకు ముందు అవకాశం. గ్రాంటులో మూడో వంతుకు సమానమైన మొత్తం జిల్లా కూడా సమకూర్చాలి. ఇదంతా ఒకసారి ఇచ్చే డబ్బే. గ్రాంటు అయిపోయాక ఈ సేవలన్నీ కలిపి చూసే కోఆర్డినేటర్ జీతం ఎవరిస్తారన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

12. కేంద్రంలో 50 లక్షల నుంచి 15 కోట్లకు

1981లో మాయమైన పద్దు 2008లో మరో పేరుతో తిరిగొచ్చింది. మొదట సుమారు 50 లక్షల డాలర్లు మాత్రమే. 2015 విద్యాచట్టంలో చోటు దొరికాక పెరిగి, 2022లో ఏడున్నర కోట్లు, 2023లో 15 కోట్లు అయింది. ఈ గ్రాంటు బడి ఒక్కదానికే రాదు. స్థానిక సంస్థలతో జట్టు కట్టాలి, ఇతర వనరులు చూపించాలి, పనులన్నీ చూసే కోఆర్డినేటర్‌ను పెట్టాలి. నిధిలో 15 శాతం పల్లె ప్రాంతాలకు అట్టిపెట్టాలి.

13. అసలు ఖర్చు ఒక మనిషి జీతం

డాక్టరుకు బీమా ఇస్తుంది. భోజనానికి వ్యవసాయ శాఖ ఇస్తుంది. సాయంత్రం క్లాసులకు ఇంకో శాఖ ఇస్తుంది. వీళ్లందరినీ ఒకచోట కలిపేవాడికే ఎవరూ శాశ్వతంగా జీతమివ్వరు. పెళ్లింట్లో వంటవాళ్లు, సన్నాయి మేళం, పురోహితుడు ఎవరికి వారున్నా, అన్నీ చక్కబెట్టే మేనమామ లేకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మేరీల్యాండ్ ఈ సంగతి పట్టుకుంది. గవర్నర్ వీటో చేసినా 2021లో శాసనసభ పట్టుబట్టి నిలబెట్టిన విద్యాచట్టం ప్రకారం, పేదరికం ఎక్కువగా ఉన్న ప్రతి బడికీ ఏటా దాదాపు రెండున్నర లక్షల డాలర్లు వస్తాయి. దాంతో కోఆర్డినేటర్‌ను, ఆరోగ్య సిబ్బందిని పెట్టుకోవాలి. పోటీ గ్రాంటు కాదు, సూత్రం ప్రకారం వచ్చే హక్కు.

14. మార్కుల కంటే ముందు హాజరు పెరిగింది

న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాసియో 2014లో 45 బడులతో మొదలుపెట్టిన కమ్యూనిటీ స్కూళ్ల కార్యక్రమాన్ని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలించి 2020లో నివేదిక ఇచ్చింది. తరచూ బడి మానేసే పిల్లలు తగ్గారు. హైస్కూలు పూర్తి చేసేవాళ్లు పెరిగారు. మూడో ఏట లెక్కల మార్కులు మెరుగయ్యాయి. చదవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మూడేళ్లు ఓపిక పట్టని ప్రభుత్వానికి ఈ బడి విఫలమైనట్టే కనిపిస్తుంది.

15. కరోనా డబ్బు గడువు తీరింది

2021 మార్చిలో కేంద్రం బడులకు 12,200 కోట్ల డాలర్ల కరోనా సాయం ప్రకటించింది. చాలా జిల్లాలు దాంతో కౌన్సెలర్లను, నర్సులను పెట్టుకున్నాయి. 2024 సెప్టెంబరు 30తో ఆ డబ్బుకు గడువు ముగిసింది. ముందుగా వేరే దారి చూసుకోని చోట ఉద్యోగాలకు కోత పడింది.

16. మన విధానంలోనూ ఈ మాట ఉంది

2020 జాతీయ విద్యావిధానం బడుల్లో కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు ఉండాలంది. పాఠాలు లేని వేళల్లో బడిని ఊరి కోసం సామాజిక చేతనా కేంద్రంగా వాడవచ్చని కూడా చెప్పింది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగును బడిపిల్లలతోనే మొదలుపెట్టింది. మధ్యాహ్న భోజనం సరేసరి. ఒక్కో పని ఒక్కో శాఖది. బడిలో వీటన్నిటినీ కలిపి చూసే బాధ్యత ఎవరిదంటే, పాఠాలు చెప్పుకుంటూ రిజిస్టర్లు రాసుకునే హెడ్‌మాస్టరుదే.

నూటఇరవై ఏళ్ల ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. దాత ఇచ్చిన డబ్బు దారి చూపింది, గ్రాంటు డబ్బు కొన్నేళ్లు నడిపింది, చట్టంలో లెక్క కట్టి రాసిన డబ్బే నిలబడింది. కాబట్టి మీ ఊరి బడికి ఆరోగ్య శిబిరమో, కొత్త పథకమో వచ్చిందని విన్నప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: ఈ డబ్బు వచ్చే ఏడూ వస్తుందా? దీన్ని చూసుకునే మనిషికి జీతం ఎవరిస్తున్నారు?