"అది సరేనండీ, అబ్బాయి ఏం చేస్తున్నాడు?"

పైన వీడియోలో మా పొలం, నవధాన్యాలు చల్లిన మడి, జీవామృతం డ్రమ్ములు, గట్టు మీద వేసిన కంది అన్నీ చూపించాం. చివర్లో మా ఆవిడ ఒక మాట అంది. చాలామంది అక్కడిదాకా చూడకుండానే ఆపేస్తారని తెలుసు. అందుకే ఈసారి ఆ మాట గురించే రాస్తున్నాను. పురుగు, తెగులు, దిగుబడి సంగతులు మళ్ళీ వారం చూద్దాం.

సంగతి ఏంటంటే, మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాదులో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మూడేళ్ళ కిందట ఇంటికొచ్చేశాడు. ఉన్న ఐదెకరాలు ఇద్దరం కలిసి చేస్తున్నాం. ఇప్పుడు వాడికి సంబంధాలు చూస్తున్నాం. సంక్రాంతి వెళ్ళాక ఒక సంబంధం వాళ్ళు మా ఇంటికొచ్చారు. కాఫీలు అయ్యాక అమ్మాయి నాన్నగారు అడిగారు.

"అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?"

"వ్యవసాయమండీ. ప్రకృతి వ్యవసాయం."

"అది సరేనండీ. ఏం చేస్తున్నాడు?"

చదువుతుంటే మీకు నవ్వొస్తుంది. నాకు ఆ రోజు రాలేదు. నేనేమన్నానో తెలుసా? "కంపెనీ పని కూడా ఇంటి దగ్గర్నుంచే చూసుకుంటున్నాడండీ" అన్నాను. పచ్చి అబద్ధం. పదేళ్ళుగా మీటింగుల్లో మైకు పట్టుకుని, మంచి బతుకంటే ఇదేనని చెప్పిన మనిషిని నేను. మా అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి వింటూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. మర్నాడు పొలంలో ఒక్కటే అడిగాడు. "నాన్నా, మనం బాగా బతుకుతున్నామా, లేదా? నువ్వు ఏది నమ్ముతున్నావు?"

జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఆలోచిస్తున్నదే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

అమ్మాయి నాన్నగారి లెక్క

ముందు ఆయన గురించి చెప్పాలి. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. ఆయనా రైతు బిడ్డే. ఒకటో తారీకున జీతం పడాలి, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకి ఎవరి గడపా తొక్కకూడదు, వాన రాకపోయినా, ఎక్కువొచ్చినా పిల్ల ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆయన దృష్టిలో మంచి బతుకంటే అది. కోతకొచ్చిన చేను తుఫానుకి పడిపోవడం, కౌలు కట్టలేక ఊరొదిలిపోవడం చూసినవాళ్ళకి అలా కాక ఇంకెలా అనిపిస్తుంది? అది ఆశ కంటే భయంలోంచి పుట్టిన లెక్క. ఆ భయానికి కారణాలున్నాయి. మనం "ప్రకృతి, ఆరోగ్యం" అని ఎన్ని చెప్పినా, ఆ భయానికి జవాబు చెప్పకపోతే ఆయన వినరు. వినక్కర్లేదు కూడా.

ఫుకువోకా కోరుకున్నది తీరిక

మనలో చాలామందికి గురువు జపాన్ రైతు మసనోబు ఫుకువోకా. 1913లో షికోకు దీవిలో పుట్టారు. చదివింది మొక్కల తెగుళ్ళ శాస్త్రం. యోకోహామా కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ ఉద్యోగం. ఇరవై అయిదేళ్ళ వయసులో జబ్బుపడి, కోలుకున్నాక ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చారు. అంటే ఆయన కథ కూడా మా అబ్బాయి కథలాగే మొదలైంది.

ఆ తర్వాతి భాగం మనం మీటింగుల్లో పెద్దగా చెప్పం. తండ్రి నారింజ తోట చేతికొస్తే, ప్రకృతే చూసుకుంటుందని కొమ్మలు కత్తిరించడం మానేశారు. కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చిక్కుకున్నాయి, పురుగు పట్టింది, చాలా చెట్లు చచ్చిపోయాయి. అప్పటిదాకా కత్తిరింపుకి అలవాటుపడ్డ చెట్టుని ఒక్కసారిగా వదిలేస్తే అది ప్రకృతి వ్యవసాయం కాదు, గాలికొదిలేయడం అని ఆయనే తర్వాత రాసుకున్నారు. మళ్ళీ ఉద్యోగంలో చేరి, కోచిలో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొన్నేళ్ళు పనిచేసి, యుద్ధం అయిపోయాకే పూర్తిగా పొలానికి వచ్చారు. ఆయన "గడ్డిపరకతో విప్లవం" జపాన్‌లో 1975లో వచ్చింది. మెగసెసే అవార్డు 1988లో ఇచ్చారు. ఉద్యోగం వదిలిన రోజుకీ, లోకం ఆయన మాట విన్న రోజుకీ మధ్య దాదాపు నలభై ఏళ్ళున్నాయి.

మరి ఆయనకి మంచి బతుకంటే ఏంటి? తీరిక. దున్నకుండా, నిలబడ్డ వరిలోనే తర్వాతి పంట గింజ చల్లి, కోశాక గడ్డిని తిరిగి మడిలోనే పరిచేవారు. పని తగ్గించుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. పాతకాలం రైతులకి చలికాలంలో కూర్చుని చిన్న కవితలు అల్లుకునేంత తీరిక ఉండేదని, ఊరి గుడిలో వాళ్ళు రాసిన పలకలు కనిపించాయని ఆయన చెప్తారు. ఆ తీరిక పోవడమే ఆయన బాధ.

మన డెల్టా రైతులకి ఇది కొత్తేం కాదు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలో మినుములు చల్లడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. దుక్కి లేదు, నీరు లేదు, మంచు పదునుకే మొలుస్తాయి. కానీ అలా మిగిలిన తీరికని ఏం చేశామో చూడండి. రెండో పంటకి మందులు కొట్టడానికీ, పెట్టుబడి అప్పు కోసం తిరగడానికీ వాడేశాం.

నియరింగ్ దంపతులు గీసిన గీత

అమెరికాలో స్కాట్ నియరింగ్ అని ఒక ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ ఉండేవారు. తన అభిప్రాయాల వల్ల 1915లో ఉద్యోగం పోయింది. 1932లో హెలెన్‌తో కలిసి న్యూయార్క్ వదిలి వెర్మాంట్ కొండల్లో చిన్న పొలం చూసుకున్నారు. సొంత చేతులతో రాతి ఇల్లు కట్టుకున్నారు, కూరగాయలు పండించుకున్నారు. చేతి ఖర్చుకి మేపుల్ చెట్టు నీరు కాచి పాకం అమ్మేవారు. మన తాటిబెల్లం కాచినట్టే అనుకోండి.

వాళ్ళ దగ్గర నాకు నచ్చింది లెక్క. రోజులో నాలుగు గంటలు తిండికోసం ఒళ్ళొంచి పని, నాలుగు గంటలు సొంత చదువూ రాతా, నాలుగు గంటలు నలుగురితో గడపడం. ఏడాదికి ఎంత డబ్బు కావాలో ముందే రాసుకునేవారు. అంత రాగానే ఆ ఏడాదికి అమ్మకం పని ఆపేసేవారు. "ఇంక చాలు" అనే గీత ముందే గీసుకోవడం అన్నమాట. 1954లో దీనిమీద పుస్తకం రాస్తే, చదివి ఎందరో కుర్రకారు పల్లెలకి వెళ్ళారు.

కానీ ఒకటి మర్చిపోకూడదు. వాళ్ళిద్దరికీ అక్కడ పెంచి పెళ్ళి చేయాల్సిన పిల్లలు లేరు. పైగా ఇద్దరికీ వారసత్వంగా కొంత డబ్బు అందిందని, పొరుగున బతికిన ఒకామె తర్వాత పుస్తకంలో రాశారు. దానివల్ల వాళ్ళ కష్టం అబద్ధం అయిపోదు. కాకపోతే వాళ్ళని చూసి ఉద్యోగం మానేసిన కుర్రాడికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాల్సింది. మన దగ్గర కూడా అంతే. వీడియోల్లో కనిపించే ఎంతోమంది ఆదర్శ రైతుల వెనక పింఛనో, ఇంటి అద్దెలో, కొడుకు పంపే డబ్బో ఉంటుంది. ఉంటే తప్పేం లేదు. చెప్పకపోవడమే తప్పు. నాకు మా నాన్న ఇచ్చిన అప్పులేని ఐదెకరాలున్నాయి. కౌలు రైతుకి అది లేదు. నా బతుకు చూసి అతను లెక్క వేసుకుంటే మునిగిపోతాడు.

సావే గారు ఖర్చు కాలమ్ చూశారు

గుజరాత్‌లో ఉంబర్‌గావ్ దగ్గర దెహ్రీ ఊళ్ళో భాస్కర్ సావే గారు (1922–2015) ఉండేవారు. మొదట్లో ఆయన బడిపంతులు, రసాయన ఎరువుల ఏజెంటు కూడా. వాడి చూపించి ఊరికి ఆదర్శం అయ్యారు. తర్వాత తన లెక్కల పుస్తకంలోనే, దిగుబడి కంటే ఖర్చు వేగంగా పెరుగుతోందని గమనించి వెనక్కి తిరిగారు. కొబ్బరి, సపోటాల "కల్పవృక్ష" తోట అలా పుట్టింది. ఎవరికీ బాకీ పడకుండా, నేల నుంచి తీసుకున్నది నేలకి తిరిగిస్తూ బతకడం ఆయన చూపిన దారి. ఫుకువోకా కూడా ఆ తోట చూసి మెచ్చుకున్నారు. అమ్మాయి నాన్నగారి భయానికి కొంత జవాబు ఇక్కడ దొరుకుతుంది. రాబడి పెరగకపోయినా, పెట్టుబడి అప్పు లేనప్పుడు ఒక్క తుఫానుతో ఇల్లు కూలిపోదు. తోట మాత్రం చెట్లు ఎదిగేదాకా ఆగుతుంది. ఆ ఏళ్ళన్నీ ఎలా గడపాలో ముందే చూసుకోవాలి.

జహీరాబాద్ అక్కలు కలిసి బతికారు

మన తెలుగునేల మీదే ఇంకో దారి ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు. ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల చెలక భూములు. 1980ల నుంచీ పడావు పడ్డ నేలల్ని సాగులోకి తెచ్చి, ఒకే చేలో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర లాంటివి కలిపి వేశారు. విత్తనం ఇంట్లోనే దాచుకుని, అడిగినవాళ్ళకి ఇచ్చి, పంటొచ్చాక గింజగానే తిరిగి తీసుకున్నారు. ఊళ్ళో పేదింటికి అందేలా సొంతంగా జొన్నల నిల్వ పెట్టుకున్నారు. 2008లో సొంత రేడియో మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజు వచ్చింది.

వీళ్ళ లెక్కలో మంచి బతుకు ఒక్క ఇంటిది కాదు. ఒకరి చేను పోతే ఇంకొకరి గాదెలో గింజ ఉండాలి. ఫుకువోకా, నియరింగ్, సావే, ముగ్గురి కథల్లోనూ ఈ సంగతి నాకు పెద్దగా కనపడలేదు. వర్షాధారపు చెలకలో రెండెకరాలతో ఒంటరిగా ఎవరూ నిలబడలేరు. వాళ్ళు నిలబడ్డారంటే కలిసి ఉన్నారు కాబట్టే.

మా ఆవిడ అన్న మాట

ఇవన్నీ మా అబ్బాయికీ, మా ఆవిడకీ ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆవిడ అంతా విని, వీడియోలో మీరు విన్న మాటే అంది. "మంచి బతుకు బాగానే ఉందండీ. అందులో డ్రమ్ము కలిపేదెవరు?"

లెక్క వేశాం. పాలేకర్ గారి పద్ధతిలో ఎకరానికి 200 లీటర్ల జీవామృతం. పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు రోజుల పాటు పొద్దున, సాయంత్రం కలపాలి. మా ఐదెకరాలకి పదిహేను రోజులకొకసారి అంటే, ఒక్కో విడతకి యాభై కిలోల పేడ ఎత్తాలి, వెయ్యి లీటర్లు కలపాలి. నెలకి రెండు వేల లీటర్లు. పేడ తీసేది, మూత్రం పట్టేది, కలిపేది అన్నీ ఆవిడే. "పెట్టుబడి లేదు" అని నేను మైకులో చెప్పినప్పుడల్లా, ఆ పెట్టుబడి ఆవిడ నడుములోంచి వచ్చింది. ఆ పైన వంట, పాలు, కోడళ్ళొచ్చే ఇల్లు కదా అని సున్నాలు, ముగ్గులు.

అమ్మాయి నాన్నగారు అడగనిది కూడా బహుశా ఇదే. "మా పిల్ల మీ ఇంటికొచ్చి పేడ ఎత్తాలా?" మర్యాదకి అడగలేదంతే.

మేం చేసింది

ముందు ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి నిజం చెప్పాను. "కంపెనీ పని లేదండీ, పొలమే చేస్తున్నాడు. ఆ రోజు సిగ్గుపడి అలా అన్నాను" అన్నాను. ఆయన కోప్పడలేదు. "చెప్పినందుకు సంతోషమండీ" అన్నారు. ఆ సంబంధం కుదరలేదు.

తర్వాత ముగ్గురం కూర్చుని ఒక కాగితం రాశాం. ఏడాదికి ఇంటికి ఎంత డబ్బు కావాలి, ఎంత వస్తే ఇంక చాలు అనుకుంటాం, ఇది ఒకటి. మాకు దన్నుగా ఉన్నవి ఏంటి, అవి లేనివాళ్ళకి ఏం చెప్పకూడదు, ఇది రెండు. ఎవరు ఎన్ని గంటలు ఒళ్ళొంచుతున్నారు, ఇది మూడు. కష్టమొస్తే ఎవరి గుమ్మానికి వెళ్తాం, మన గుమ్మానికి ఎవరొస్తారు, ఇది నాలుగు. మూడో వరుస రాయడానికే ఎక్కువసేపు పట్టింది. రాశాక డ్రమ్ముల పని నేనూ అబ్బాయీ తీసుకున్నాం. పశువుల కొట్టంలో మూత్రం ఒకచోటికి చేరేలా కాలువ కట్టాం. ఈ విడత ఆవిడ డ్రమ్ము ముట్టుకోలేదు. నాలుగో వరుసలో మాత్రం రెండు పేర్లే ఉన్నాయి. అది మా ఇంటి లోటు, ఇంకా దిద్దుకోవాలి.

మీరూ ఇంట్లో అందరితో కూర్చుని ఒకసారి ఈ నాలుగూ రాసి చూడండి. మగవాళ్ళు మాత్రమే కూర్చుని రాస్తే మూడో వరుస తప్పొస్తుంది, నా అనుభవం అది.

శ్రావణంలో ఇంకో సంబంధం వాళ్ళు వస్తామన్నారు. ఈసారి కాఫీల కంటే ముందు పొలానికి తీసుకెళ్తాం. "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే చెప్పాల్సింది వాడే చెప్తానన్నాడు. అమ్మాయి అడిగితే చూపించడానికి ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు.