జీమ్యాట్‌లో తక్కువ స్కోరు: పాత అలవాట్లు, కొత్త కొలత

అమెరికాలో ఐదారేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన తెలుగు ఇంజనీరు ఎంబీఏ వైపు చూడడం కొత్త సంగతేమీ కాదు. ఒకరు నిర్ణయించిన పనిని చేసిపెట్టే స్థానం నుంచి, ఏ పని చేయాలో నిర్ణయించే స్థానానికి చేరడానికి అదొక దారి. ఆ దారి మొదట్లోనే ఎదురయ్యేది జీమ్యాట్ పరీక్ష. ఇంటర్మీడియట్ లెక్కల్లో నూటికి దగ్గరగా మార్కులు తెచ్చుకున్నవారు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు సాధించినవారు కూడా ఈ పరీక్షలో తామనుకున్నదానికన్నా బాగా తక్కువ స్కోరు చూసి నిర్ఘాంతపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు వెంటనే తోచే మందు ఒకటే: ఇంకో వెయ్యి లెక్కలు చేయడం. చాలామంది విషయంలో ఆ మందు పనిచేయదు. ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో, ఎలా కొలుస్తుందో ముందు తెలుసుకోవాలి.

పరీక్ష, దాని కొలబద్ద

1953లో అమెరికాలోని తొమ్మిది బిజినెస్ స్కూళ్లు ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌తో కలిసి ఒక ఉమ్మడి ప్రవేశపరీక్ష గురించి ఆలోచించాయి. మరుసటి ఏడాది, 1954లో, ఆ పరీక్ష మొదలైంది. 1976లో దానికి జీమ్యాట్ అన్న పేరు వచ్చింది. 1997లో కాగితాన్ని వదిలి కంప్యూటర్ మీదికి మారింది. 2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్ పేరుతో మరోసారి రూపం మార్చుకుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఈ కొత్త రూపం ఒక్కటే అమలులో ఉంది.

ఇప్పటి పరీక్షలో మూడు విభాగాలు, ఒక్కొక్కదానికి 45 నిమిషాలు. క్వాంటిటేటివ్ విభాగంలో 21 ప్రశ్నలు, వర్బల్ విభాగంలో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. మొత్తం 64 ప్రశ్నలు, రెండుంబావు గంటలు. వ్యాసరచన, వ్యాకరణ దోషాలు దిద్దే ప్రశ్నలు, రేఖాగణితం ఇప్పుడు లేవు. ఒక్కో విభాగానికి 60 నుంచి 90 వరకు, మొత్తం మీద 205 నుంచి 805 వరకు స్కోరు ఇస్తారు. మొత్తం స్కోరులో మూడు విభాగాలకూ సమాన భాగం ఉంది.

తక్కువ స్కోరు అనుకున్నది నిజంగా తక్కువేనా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. పాత పరీక్ష కొలబద్ద 200 నుంచి 800 వరకు ఉండేది. రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా ఒకటి కావు. పరీక్ష నిర్వాహకులు ప్రకటించిన పోలిక ప్రకారం కొత్త కొలబద్ద మీద 645 దాదాపుగా పాత 700తో సమానం. ఐదారేళ్ల క్రితం ఎంబీఏలో చేరిన స్నేహితుడు ఏడువందలు దాటాలని చెప్పిన మాటను ఇవాళ్టి స్కోరుకు అన్వయించుకుని దిగులుపడడం అనవసరం. ఏ స్కోరునైనా దాని పక్కనుండే పర్సెంటైల్‌తోనూ, చేరదలచుకున్న స్కూలు ప్రకటించే తరగతి సగటుతోనూ కలిపి చదవాలి.

ప్రశ్నలను ఎంచే పద్ధతి

జీమ్యాట్ అడాప్టివ్ పరీక్ష, అంటే అభ్యర్థిని బట్టి నడక మార్చుకునే పరీక్ష. మొదట ఒక మధ్యస్థమైన ప్రశ్న వస్తుంది. జవాబును బట్టి అభ్యర్థి సామర్థ్యం ఇంత ఉండవచ్చునని కంప్యూటరు ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనాకు తగిన మరో ప్రశ్న ఇస్తుంది. ప్రతి జవాబుతోనూ అంచనా కొంత సవరింపబడుతుంది. దీని వెనుక ఉన్నది ఐటమ్ రెస్పాన్స్ థియరీ అనే గణాంక సిద్ధాంతం. ఒక ప్రశ్న ఎంత కఠినం, అది తెలిసినవారినీ తెలియనివారినీ ఎంత స్పష్టంగా వేరుచేస్తుంది, ఊహించి గుర్తుపెట్టినా జవాబు సరిపోయే అవకాశం ఎంత అన్నవి ఆ సిద్ధాంతం లెక్కలోకి తీసుకుంటుంది. ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ లార్డ్ ఈ సిద్ధాంతానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు.

ఈ పద్ధతి వల్ల మూడు పరిణామాలున్నాయి. మొదటిది, తప్పుల సంఖ్యే స్కోరు కాదు. ఒకే సంఖ్యలో తప్పులు చేసిన ఇద్దరికి వేరువేరు స్కోర్లు రావచ్చు, ఎందుకంటే వారు ఎదుర్కొన్న ప్రశ్నల కాఠిన్యం వేరు. రెండవది, తేలిక ప్రశ్నలో తప్పు, కఠినమైన ప్రశ్నలో తప్పుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. బాగా కఠినమైన ప్రశ్న తప్పడం సహజమే. సులువైనది తప్పితే మాత్రం, ఆ మెట్టు మీద కూడా నిలకడ లేదని అంచనా వేసేవారికి తోస్తుంది. మూడవది, పరీక్ష జరుగుతున్నంతసేపూ కష్టంగానే ఉంటుంది. బాగా రాస్తున్నవారికి ఇంకా కఠినమైన ప్రశ్నలు వస్తాయి కనుక, మధ్యలో కలిగే నిరాశకూ చివరికి వచ్చే స్కోరుకూ సంబంధం ఉండనవసరం లేదు.

ఎంసెట్ నేర్పిన అలవాట్లు

తెలుగు విద్యార్థి పోటీపరీక్షల స్వభావం పదిహేడేళ్ల వయసులో రూపుదిద్దుకుంటుంది. ఎంసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 3 గంటలకు 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్ల పైచిలుకు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. చూడగానే ఏ సూత్రం వాడాలో స్ఫురించాలి. స్ఫురించకపోతే వదిలి ముందుకు పోవాలి, చివరి నిమిషాల్లో మిగిలినవాటికి ఏదో ఒకటి గుర్తుపెట్టాలి. రెండేళ్లపాటు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ అలవాటును నూరిపోసిన కాలేజీలు ఆ పరీక్షకు తగిన పనే చేశాయి.

జీమ్యాట్‌లో క్వాంటిటేటివ్ ప్రశ్నకు సగటున 2 నిమిషాల 9 సెకన్లు, వర్బల్ ప్రశ్నకు 1 నిమిషం 57 సెకన్లు, డేటా ఇన్‌సైట్స్ ప్రశ్నకు 2 నిమిషాల 15 సెకన్లు దొరుకుతాయి. జవాబు గుర్తించకుండా తరువాతి ప్రశ్నకు పోవడం కుదరదు. ప్రశ్నకు గుర్తు పెట్టుకుని, విభాగం చివర సమయం మిగిలితే వెనక్కి రావచ్చు. అయితే ఒక్కో విభాగంలో మూడు జవాబులు మాత్రమే మార్చుకోవచ్చు. లెక్కలన్నీ అంకగణితం, బీజగణితం పరిధిలోనివే. కలనగణితం, త్రికోణమితి ఇక్కడ అక్కరకు రావు. కాఠిన్యం సూత్రంలో ఉండదు, ప్రశ్న అడిగిన తీరులో ఉంటుంది.

డేటా సఫిషియెన్సీ అనే ప్రశ్నలు దీనికి మంచి ఉదాహరణ. వీటిలో జవాబు కనుక్కోనవసరం లేదు. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందో లేదో చెబితే చాలు. ఒక నమూనా చూడవచ్చు:

ఒక దుకాణంలో కలం ధర 7 రూపాయలు, నోటుపుస్తకం ధర 13 రూపాయలు. రవి ఈ రెండు రకాలు మాత్రమే కొన్నాడు. అతడు కొన్న కలాలెన్ని? మొదటి సమాచారం: అతడు మొత్తం 6 వస్తువులు కొన్నాడు. రెండవ సమాచారం: అతడు మొత్తం 60 రూపాయలు ఖర్చు చేశాడు.

ఇంటర్ లెక్కలు చేసిన చేయి వెంటనే రెండు సమీకరణాలు రాస్తుంది. తెలియని రాశులు రెండు కనుక రెండు సమీకరణాలు కావాలి, అందువల్ల రెండు సమాచారాలూ కలిస్తేనే జవాబు వస్తుందని తేలుస్తుంది. అది తప్పు. కలాలు, పుస్తకాలు ముక్కలుగా అమ్మరు. 60లోంచి 13 చొప్పున తీసేస్తూ పోతే 47, 34, 21, 8 మిగులుతాయి. వీటిలో 7తో నిశ్శేషంగా భాగించబడేది 21 ఒక్కటే. మొదటి 60 కూడా 7తో భాగించబడదు. కాబట్టి 3 పుస్తకాలు, 3 కలాలు తప్ప వేరే మార్గం లేదు. రెండవ సమాచారం ఒక్కటే చాలు. మొదటిది ఒంటరిగా చాలదు.

ఇలాంటి తప్పు చేసినవారికి సమీకరణాల జ్ఞానం లోపించలేదు. మరో వంద సమీకరణాలు సాధించినా ఈ తప్పు పోదు. సూత్రం స్ఫురించగానే చేయి కదిలే అలవాటును ఒక్క క్షణం నిలిపి, ఇది ఎలాంటి సంఖ్యల గురించి అడుగుతున్నదని తనను తాను ప్రశ్నించుకోవడం అలవడాలి. అందుకు ఎక్కువ ప్రశ్నలు అక్కర్లేదు. తక్కువ ప్రశ్నల మీద ఎక్కువసేపు కూర్చోవాలి.

వర్బల్ విభాగం

మూడు విభాగాలకూ సమాన భాగం ఉందన్న సంగతి ఇంజనీర్లు తరచూ పట్టించుకోరు. తమకు బలమున్న లెక్కల్లో ఇంకా మూడు పాయింట్లు పిండుకోవడానికి నెలలు వెచ్చిస్తారు. అప్పటికే కొలబద్ద పైభాగంలో ఉన్నచోట ఆ మూడు పాయింట్లు రావడం కష్టం. వెనుకబడిన వర్బల్‌లో వచ్చే మూడు పాయింట్లు మొత్తం స్కోరుకు అంతే మేలు చేస్తాయి, పైగా అవి తొందరగా వస్తాయి.

వర్బల్ విభాగంలో ఇప్పుడున్నవి రెండే రకాలు: గద్యభాగాలను చదివి అర్థం చేసుకోవడం, వాదాలను తర్కించడం. కఠిన పదాల జాబితాలు బట్టీపట్టడం ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. రెండవ రకానికి ఒక నమూనా: ఒక నగరంలో బస్సు చార్జీలు తగ్గించారు. ఆరు నెలల్లో ప్రయాణికుల సంఖ్య పెరిగింది. కాబట్టి చార్జీల తగ్గింపే ఇందుకు కారణమని అధికారులు అన్నారు. ఈ వాదాన్ని బలహీనపరిచేది ఏది? చార్జీలు తగ్గించడం వల్ల సంస్థకు నష్టం వచ్చిందన్నది ఒక ఎంపిక. అదే ఆరు నెలల్లో పెట్రోలు ధర బాగా పెరిగిందన్నది మరొకటి.

మొదటిది నిజం కావచ్చు, ముఖ్యమైన విషయమూ కావచ్చు. కాని ప్రయాణికులు ఎందుకు పెరిగారన్న ప్రశ్నకు దానితో సంబంధం లేదు. రెండవది వేరొక కారణాన్ని చూపిస్తుంది కనుక వాదం సడలుతుంది. ఇక్కడ తప్పేవారిలో చాలామందికి ఇంగ్లీషు బాగానే వచ్చు. వారు నిజమనిపించినదాన్ని ఎంచుకుంటారు, అడిగినదాన్ని కాదు.

ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లీషు మాట్లాడేవారికి అందుబాటులో ఉన్న ఒక సాధన ఉంది. గద్యభాగం చదివాక, దాని సారాన్ని ఒక్క తెలుగు వాక్యంలో చెప్పుకోవాలి: రచయిత ఏమంటున్నాడు, దేని ఆధారంగా అంటున్నాడు, ఎవరి అభిప్రాయాన్ని కాదంటున్నాడు? ఇంగ్లీషులో చెప్పుకుంటే మూలంలోని పదాలనే అప్పుతెచ్చుకుని అర్థమైందనుకునే ప్రమాదం ఉంది. తెలుగులో చెప్పాలంటే ఆ పదాల ఆసరా ఉండదు. వాక్యం కుదరకపోతే అర్థం కాలేదనే లెక్క. పరీక్షాగదిలో ఇది చేయనవసరం లేదు. రెండు నెలలు ఇంట్లో చేస్తే చదివే తీరే మారుతుంది.

తప్పుల పద్దు

స్కోరు పెంచే పనిముట్లలో అన్నిటికన్నా చవకైనది ఒక నోటుపుస్తకం. తప్పిన ప్రతి ప్రశ్ననూ అందులో రాసి, పక్కనే కారణం నమోదు చేయాలి. విషయం తెలియదా? తెలిసినా సమయం చాలలేదా? ప్రశ్న సరిగా చదవలేదా? లెక్కలో పొరపాటా? ఊహించి గుర్తుపెట్టగా సరిపోయిన జవాబులను కూడా తప్పులుగానే రాసుకోవాలి, ఎందుకంటే అవి రేపు సరిపోవు. మూడు వారాల తరువాత ఆ పద్దు చూస్తే తప్పులన్నీ రెండు మూడు చోట్లే గుమిగూడి ఉంటాయి. విషయం తెలియక పోయినవాటికి పాఠం కావాలి. చదవడంలో పోయినవాటికి నిదానం కావాలి. సమయం చాలక పోయినవాటికి వదిలేయడం తెలియాలి. మూడింటికీ ఒకే మందు వేయడం వల్లనే నెలల శ్రమ వృథా అవుతుంది.

వదిలేయడం అన్నిటికన్నా కష్టమైన పాఠం. ఒక ప్రశ్న మీద ఐదు నిమిషాలు గడిపితే, ఆ మూడు నిమిషాల అప్పు చివరి ప్రశ్నల మీద పడుతుంది. పూర్తిచేయని ప్రశ్నలకు స్కోరులో కోత ఉంది. మొదటి పది ప్రశ్నలే స్కోరును నిర్ణయిస్తాయన్న ప్రచారాన్ని నమ్మి అక్కడే సమయం ధారపోసేవారు చివరలో సులువైనవీ పోగొట్టుకుంటారు. రెండున్నర నిమిషాలకు దారి కనబడకపోతే ఒక జవాబు గుర్తించి, ప్రశ్నకు గుర్తు పెట్టుకుని కదలడమే మేలు.

కొలతలో తేడా, నిర్ణయంలో జాగ్రత్త

ఏ కొలతలోనైనా కొంత దోషం ఉంటుంది. జీమ్యాట్ మొత్తం స్కోరులో ఆ ప్రామాణిక దోషం సుమారు 30 నుంచి 40 పాయింట్లు. ఏమీ చదవకుండా మళ్లీ రాసినా 565 వచ్చినవారికి 595 రావచ్చు, 535 కూడా రావచ్చు. కాబట్టి ఒక చిన్న పెరుగుదలను చూసి పద్ధతి ఫలించిందనుకోవడమూ, చిన్న తగ్గుదలను చూసి అంతా పోయిందనుకోవడమూ రెండూ తొందరపాటే. నిర్వాహకులు ఉచితంగా ఇచ్చే రెండు మాదిరి పరీక్షలనూ, డబ్బు కట్టి తీసుకునే మిగతావాటినీ నెలల వ్యవధిలో, పరీక్షాగది నియమాలతో రాసి, వాటి సగటును చూడాలి. ఆ సగటు కోరుకున్న స్కోరుకు చేరువైనప్పుడు అసలు పరీక్షకు తేదీ తీసుకోవడం సబబు. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 16 రోజుల వ్యవధి ఉండాలి, 12 నెలల్లో ఐదుసార్లకు మించి రాయడానికి లేదు. అయితే పద్దులో ఏమీ మారకుండా పదహారో రోజునే మళ్లీ రాస్తే, కొలిచేది పాత సామర్థ్యాన్నే.

ఎప్పుడు ఆపాలన్నది కూడా లెక్కలోకి రావాలి. ఎంబీఏ కోసం హెచ్-1బి వదిలి ఎఫ్-1కు మారినవారి జీవితభాగస్వామి ఎఫ్-2 మీదికి వస్తే ఉద్యోగం చేయడానికి వీలుండదు. రెండేళ్లు ఒక ఇంటికి రెండు జీతాలూ ఆగిపోవచ్చు. అంత పెద్ద నిర్ణయంలో స్కోరు ఒక అంశం మాత్రమే. చేసిన ఉద్యోగం, రాసిన వ్యాసాలు, సిఫారసు లేఖలు, చదువుకు వచ్చే ఆర్థిక సహాయం మిగతావి. చాలా స్కూళ్లు జీఆర్ఈని కూడా అంగీకరిస్తాయి. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఆ రెంటిలో దేన్నైనా తీసుకుంటుంది. స్కోరు స్కూలు సగటుకు కొంచెం కిందనే ఉండి, ఉద్యోగానుభవం గట్టిగా ఉంటే, మరో ఆరు నెలల వారాంతాలను ఇరవై పాయింట్ల కోసం ఖర్చుపెట్టడం కన్నా దరఖాస్తు మీద పెట్టడం లాభసాటి కావచ్చు. స్కోరు సగటుకు చాలా కింద ఉండి, తప్పుల పద్దులో స్పష్టమైన కారణం కనబడుతుంటే, మళ్లీ రాయడమే మేలు. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం చాలావరకు ఆ నోటుపుస్తకంలోనే దొరుకుతుంది.