దరఖాస్తుతో పాటు మన వివరాలూ వెళ్తాయి



బ్యాంకులో చేరిన రోజున నా చేత ఒక కాగితంపై సంతకం చేయించారు. ఖాతాదారుల వివరాలు బయటపెట్టనని ఇచ్చే హామీపత్రం అది. ఆ తర్వాత సొంత బావమరిది వచ్చి పక్కింటివారి బ్యాలెన్స్ అడిగినా చెప్పలేదు. ఈ రోజుల్లో మన వివరాలను మనమే పంచిపెడుతున్నాం.

జిగణిలో నాకు తెలిసిన ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ కోసం ఆధార్, పాస్‌బుక్, మార్కుల జాబితా ఫోటోలను ఒక షాపు వాట్సాప్‌కు పంపింది. కొద్దిరోజులకే ఫోన్ వచ్చింది. పేరు, కాలేజీ సరిగ్గా చెప్పి, "స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అన్నారు. తండ్రిగారు నమ్మి చెప్పేశారు. ఫీజుకు దాచిన డబ్బు పోయింది. వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో ఈనాటికీ తెలియదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2012లో ఆ కేసు వేసినవారు బెంగళూరు వాసి, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. అప్పటికే ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. కెన్యా దేశం 2019లోనే డేటా రక్షణ చట్టం చేసుకుంది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వచ్చేలా గడువు పెట్టారు.

చట్టంలోని ముఖ్యాంశాలు:

1. వివరాలు ఏ పనికో ముందే చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఆ పనికే వాడాలి. కాగితంపై ఇచ్చినవి కంప్యూటర్లోకి ఎక్కించినా ఇదే వర్తిస్తుంది.

2. సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. తప్పులు దిద్దమని, పని తీరాక తొలగించమని అడగవచ్చు.

3. 18 ఏళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

4. వివరాలకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

చట్టం ఉంది కదా అని మన జాగ్రత్త మానకూడదు. పూర్తి నంబరు అవసరం లేనిచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జెరాక్స్ మీద "ఫలానా స్కాలర్‌షిప్ కొరకు మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. షాపులో పని అయ్యాక ఫైళ్లను మీ ఎదుటే తీసేయించండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయండి.

మన ట్రస్టు ఫారం నింపేటప్పుడు కూడా "ఈ వివరం ఎందుకు?" అని అడగండి. అడిగినందుకు ఎవరి స్కాలర్‌షిప్పూ ఆగదు.